సినిమాల్లో కనిపించని గోదావరి

గోదావరి అనగానే మన సినిమా ప్రేక్షకుడి కళ్లముందు ఏం మెదులుతుంది? రాజమండ్రి వంతెన. పాపికొండలు. లాంచీ టాపు మీద ఓ పాట. 1964లో 'మూగమనసులు' కోసం అక్కినేని తెడ్డు వేసింది ఆ నీళ్లలోనే. 1973లో బాపు 'అందాల రాముడు'ను భద్రాచలం దాకా లాంచీ మీదే నడిపించారు. 2006లో శేఖర్ కమ్ముల కూడా సుమంత్‌నీ, కమలినీ ముఖర్జీనీ అదే దారిలో లాంచీ ఎక్కించి, ఆ సినిమాకు ఏకంగా 'గోదావరి' అని పేరు పెట్టేశారు!

తప్పేమీ లేదు. అందం వున్నచోటే కెమెరా పెడతారు. అయితే గోదావరి రాజమండ్రిలో పుట్టలేదు కదా! నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచే ఈ తల్లి తెలుగుగడ్డ మీద మొదటి అడుగు పెట్టేది నిజామాబాద్ జిల్లా కందకుర్తిలో. అక్కణ్ణించి బాసర, పోచంపాడు, ధర్మపురి, మంచిర్యాల, కాళేశ్వరం... ఈ గోదావరికి పాటలు తక్కువ. క్లోజప్పులు మరీ తక్కువ. తెలుగు సినిమా పాటకు సి.నారాయణరెడ్డి గారంతటి కవిని యిచ్చింది పాత కరీంనగర్ జిల్లా (1962లో 'గులేబకావళి కథ'తో కదా ఆయన వచ్చింది!). కాని అదే జిల్లా అంచున పారే గోదావరిని తెరమీద చూసిన జ్ఞాపకం మీలో ఎంతమందికి వుంది?

అందుకని ఫిబ్రవరి ఆఖరు వారంలో ఓ సంచీ భుజాన వేసుకుని ధర్మపురి బస్సెక్కాను.

యముడున్న వూరు

కరీంనగర్ నుంచి జగిత్యాల, అక్కణ్ణించి ధర్మపురి. లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం. 'నరసింహ శతకం' చెప్పిన శేషప్పకవిది ఈ వూరే. బళ్లో ఆ పద్యాలు అప్పజెప్పలేక గోడకుర్చీ వేసినవాళ్లు మీలో కూడా వుండే వుంటారు.

ఇక్కడి విశేషం మరొకటుంది. యమధర్మరాజుకు గుడి! దేశంలో యముడికి గుళ్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. 'యమగోల' (1977)లో, 'యమలీల' (1994)లో కైకాల సత్యనారాయణ గారి యముణ్ణి చూసి పడీపడీ నవ్విన మనమే ఇక్కడ చేతులు కట్టుకుని నిలబడతాం. గండదీపంలో నూనె పోసి, గండాలు తొలగించమని దణ్ణం పెట్టుకుని వెళ్తారు జనం. ధర్మపురికి వచ్చినవాడికి యమపురి లేదని ఇక్కడ చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

గుడి నుంచి గోదావరికి నడిచే వెళ్లవచ్చు. ఇక్కడ నది ఉత్తరాన్నించి దక్షిణానికి తిరుగుతుంది గనుక దక్షిణవాహిని అంటారు. అన్నట్టు, ఈ ప్రాంతంలో ఎవరూ 'గోదావరి' అని ముద్దుగా పిలవరు. 'గంగ' అంటారు. "గంగకు పోయొస్త" అంటే కాశీకి వెళ్లొస్తానని కాదు; సందు చివరికి వెళ్లి మునిగి వస్తానని.

మెట్లు దిగాను. మునగడానికి నీళ్లేవి? మధ్యలో ఓ పాయ, పక్కన మరో చిన్న పాయ, మిగతాదంతా ఇసుకా, బండలూ. ఆవలి గట్టు అలా కనిపిస్తూనే వుంది. ఒకప్పుడు అది ఆదిలాబాద్ జిల్లా, ఇది కరీంనగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక అది మంచిర్యాల, ఇది జగిత్యాల. పేర్లు మారినా గీత మాత్రం నదే. ఈ గట్టు పిల్లను ఆ గట్టుకి యివ్వడం, ఆ గట్టు సంతకు ఈ గట్టువాళ్లు వెళ్లడం మామూలే. రాయపట్నం దగ్గర వంతెన వుంది గనుక ఇప్పుడు పడవ కోసం కేకలు వేసే పని లేదు.

పూజాసామాను అమ్మే ఓ అవ్వ పక్కన కూచుని, "అవ్వా, నీళ్లెప్పుడొస్తయి?" అన్నాను.

"పైన గేట్లు లేపితే వస్తయి బిడ్డా" అంది, చూపుడువేలు ఎగువకు చాపి.

2015 జూలైలో పుష్కరాలకు ఈ మెట్లమీద ఇసుకవేస్తే రాలని జనం. మళ్లీ 2027లో పుష్కరాలు. లక్షలమంది మునగవలసిన నీళ్లు ఎవరో తిప్పే గేటు మీద ఆధారపడి వున్నాయా? అయితే ఆ గేట్లనే చూద్దామని మర్నాడు పొద్దున్నే ఎగువకు బస్సెక్కాను.

సముద్రంలాంటి చెరువు

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు. ఈ దారంతా పసుపు. మాఘ ఫాల్గుణాల్లో పసుపుకొమ్ములు తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఆరబోస్తారు. బస్సు కిటికీ తెరిస్తే చాలు, పెళ్లింట్లోకి అడుగుపెట్టినట్టు వుంటుంది. ఆర్మూరు దాటి నిర్మల్ దారిలో వెళ్తే పోచంపాడు. అదే శ్రీరాంసాగర్.

1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము యిది. నలభైరెండు గేట్లు. నిండితే 1091 అడుగుల మట్టం. అప్పుడు వెనుకవైపు నీళ్లు పరచుకునే చోటు దాదాపు 450 చదరపు కిలోమీటర్లు! కట్ట మీద నిలబడితే ఎదటి గట్టు కనిపించదు. మన డైరెక్టర్లు సముద్రం సీను తీయాలంటే విశాఖపట్నం పరుగెత్తనక్కరలేదు. ఉప్పు ఒక్కటే తక్కువ.

లెక్కలు విసుగు పుట్టిస్తాయి గాని, ఒక్క లెక్క వినండి. కట్టినప్పుడు ఇందులో 112 టి.ఎం.సి.ల నీళ్లు పట్టేవి. (ఒక టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగులు.) ఏటేటా వరద మోసుకొచ్చిన మట్టి అడుగున పేరుకుని ఇప్పుడు 80 చిల్లరకు దిగిపోయింది. అంటే మూడోవంతుకు కాస్త తక్కువగా మట్టే తినేసింది. చూడటానికి అంతే పెద్ద చెరువు, లోతే తగ్గింది.

ఇక ధర్మపురి అవ్వ ప్రశ్నకు జవాబు ఇక్కడే వుంది. చెరువు నిండి, ఇంకా వరద వస్తేనే గేట్లు ఎత్తి నదిలోకి వదులుతారు. మిగతా నీళ్లు కాలవల్లోకి పోతాయి. వాటిలో పెద్దది కాకతీయ కాలవ, 284 కిలోమీటర్లు. జగిత్యాల, కరీంనగర్, వరంగల్ వైపు పొలాలు ఆ నీళ్లతోనే పచ్చబడ్డాయి. నదికి పోయింది పొలానికి వచ్చింది. ధర్మపురిలో మునగడానికి నీళ్లు లేవని బాధపడే మనిషే, ఇంటికి వెళ్లి ఆ కాలవ నీళ్లతో పండిన బువ్వ తింటున్నాడు. ఇందులో ఎవర్ని తిట్టమంటారు?

తిట్టుకునేవాళ్లు లేకపోలేదు. ఈ నీటికింద ఊళ్లకు ఊళ్లు పోయాయి. గట్టుమీద కొత్త వూళ్లు కట్టుకున్న పెద్దవాళ్లు, ఎండాకాలం నీళ్లు బాగా తగ్గినప్పుడు, "అగో, అక్కడ మా యిల్లు" అని బురదకేసి చూపిస్తారు. అలా చూపించిన ఒకాయన చూపుడువేలు వెంట నేనూ చూశాను. నాకు బురదే కనిపించింది. ఆయనకు మాత్రం వాకిలి, వేపచెట్టు, పశువుల కొట్టం అన్నీ కనిపిస్తున్నాయి. ఏది ఎక్కడో చెప్పుకుంటూ పోతున్నాడు. ఆ పదినిమిషాలూ నేను నోరెత్తలేదు.

నీళ్లుంటే చేప, పోతే శనగ

డ్యామును చూసి వెనక్కు తిరిగే టూరిస్టులే ఎక్కువ. అసలు చూడవలసింది చెరువు వెనకభాగం. ఆర్మూరు నుంచి నందిపేట వైపు వెళ్లండి. అక్కడ గట్టు అంటూ ఒకటి వుండదు. నేల మెల్లగా వాలి నీళ్లలోకి జారిపోతుంది. ఈవారం నీళ్లున్నచోట పైవారం గడ్డి మొలుస్తుంది. చెరువుకి చెలియలికట్ట ఎక్కడో చెరువుకే తెలియదు!

నీళ్లు వెనక్కు జరిగిన ఆ మెత్తటి నేలను శిఖం అంటారు. నీళ్లు జరిగినకొద్దీ రైతులు వెంటబడి విత్తుతారు. శనగ, జొన్న, నువ్వులు. తడి వుంటుంది, ఒండ్రు వుంటుంది, ఎరువు ఖర్చు తక్కువ. కాని పట్టా వుండదు. ముందు వరద తొందరగా వస్తే పంట నీళ్లపాలు. ఏడాదికోసారి పేకాట లాంటి వ్యవసాయం యిది. వాళ్లు నవ్వుతూనే చెప్పారు గాని, నాకు నవ్వు రాలేదు.

ఆ గడ్డిలోనే కృష్ణజింకలు! జూలో కాదు, సర్కస్‌లో కాదు, నందిపేట పక్కన బయలులో మందలుగా. మెలితిరిగిన కొమ్ములతో మగ జింక వీపు నల్లగా, పొట్ట తెల్లగా మెరుస్తుంటే... నిజం చెప్పాలంటే మన హీరోల ఎంట్రీ సీన్లు ఏమూలకీ రావు. చప్పుడు వినగానే మంద మొత్తం ఎగురుతుంది చూడండి, స్లోమోషన్ దేవుడే పెట్టాడనిపిస్తుంది. చూసేవాడికి అందమే, శనగ వేసినవాడికి మాత్రం నిద్ర వుండదు. రాత్రిళ్లు మంచె మీద కూచుని డబ్బా కొట్టి తరుముతారు. కొట్టకూడదు, పట్టకూడదు, అది చట్టం. పంట పోతే ఏం చేయాలన్నది వాళ్ల ప్రశ్న.

నీటి అంచున కొంగలు, నీటికాకులు, చలికాలం వలస వచ్చే బాతులు. లోతు తక్కువ నీళ్లలో ముక్కు ముంచి ముంచి తీస్తూ నడుస్తుంటాయి. డ్యాము లోతైన నీళ్లలో ఇన్ని పిట్టలు కనిపించవు. పిట్టకు కావలసింది మోకాలిలోతు నీళ్లు, బురద, అందులో పురుగూ పుట్రా, చిన్న చేపా. ఈ ఎగుడుదిగుడు అంచు వుంది గనుకనే అవి వస్తున్నాయి.

మనుషులూ అంతే. తెల్లవారకముందే జాలర్లు నీళ్లలో దిగుతారు. పడవ వున్నవాడు పడవ, పుట్టి వున్నవాడు పుట్టి, ఏమీ లేనివాడు థర్మోకోల్ అట్ట! అవును, టీవీ డబ్బాలో వచ్చే తెల్లటి అట్టలాంటిదే. దానిమీద గొంతుక్కూచుని, రెండు చేతుల్తో నీళ్లు తోసుకుంటూ అంత పెద్ద చెరువులోకి వెళ్లిపోతారు. చూస్తుంటే గుండె గుభేలుమంటుంది. బొచ్చె, రవ్వు, జెల్ల, అదృష్టం బాగుంటే కొర్రమట్ట. మన తెలంగాణ రాష్ట్రపు చేప కొర్రమీను గదా, ధర కూడా దాని హోదాకు తగ్గట్టే వుంటుంది.

"నీళ్లు నిండుగ వుంటే చేప దొరకది కొడుకా, బాగ తగ్గితే వుండది. నడుమ వుండాలె" అన్నాడు వల బాగుచేసుకుంటున్న తాత.

"నడుమ ఎన్నాళ్లుంటది తాతా?"

"అది మా చేతులుందా? కింద వీళ్లు కాలువ ఇడిస్తరు, మీద వాళ్లు గేటు మూస్తరు."

మీద వాళ్లు అంటే ఎవరు? అది తెలియాలంటే చెరువు తోకదాకా వెళ్లాలి.

గీత ఎక్కడుంది?

బాసర గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. మీలో చాలామందికి అక్షరాభ్యాసం అక్కడే జరిగి వుంటుంది. రైల్లో వెళ్లేవాళ్లు మాత్రం బాసర ముందు గోదావరి వంతెన మీద కిటికీ దగ్గర కూచోండి, చాలు. మరుసటి స్టేషను ధర్మాబాద్. అది మహారాష్ట్ర! ధర్మపురికీ ధర్మాబాద్‌కీ పేర్లలో చుట్టరికం వుంది. నీళ్లలో మాత్రం కోర్టు కేసు వుంది.

కందకుర్తికి నవీపేట, రెంజల్ మీదుగా వెళ్లాను. ఇక్కడ మూడు నదులు కలుస్తాయి. గోదావరి, మంజీర, హరిద్ర. మంజీర అంటే గుర్తొచ్చింది... 'ఫిదా' (2017)లో సాయిపల్లవి ట్రాక్టరు నడిపిన పచ్చటి బాన్సువాడ పొలాలు చూశారుగా? ఆ పచ్చదనం నిజాంసాగర్‌ది, అంటే మంజీరదే. 'గోదావరి' తీసిన శేఖర్ కమ్ములే పదకొండేళ్ల తర్వాత ఆ చుట్టుపక్కలకే వచ్చారు. ఇంకాస్త ముందుకు నడిచి వుంటే కందకుర్తి కనిపించేది!

సంగమంలో నది మధ్యన పాత రాతి శివాలయం. వరదకు మునిగి, నీళ్లు తగ్గాక పైకి తేలుతుంది. నేను వెళ్లిన రోజున గుడి బయటే వుంది. రాళ్లమీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో మట్టిచారలు చెబుతున్నాయి. పక్కన బట్టలు ఉతికే ఆడవాళ్లలో ఇద్దరు తెలుగులో, ముగ్గురు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. అదీ ఒకరితో ఒకరు! ఒకామె మరాఠీలో అడిగితే ఇంకొకామె తెలుగులో జవాబు చెబుతోంది. డబ్బింగ్ అక్కరలేని వూరు. టీకొట్టువాడు నాకు "రాం రాం" చెప్పి, జొన్నరొట్టె మీద పిట్ల వేసి యిచ్చాడు. శనగపిండి కూర, పచ్చిమిర్చి ఘాటు. ముక్కులోంచి నీళ్లు కారినా రెండోది అడిగాను.

ఎందుకిలా అంటే, ఈ సరిహద్దు మన తాతలు ఎరుగనిది. 1956 నవంబరు 1 దాకా నాందేడూ, నిజామాబాదూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో వుండేవి. ఆ రోజున నాందేడు బొంబాయి రాష్ట్రంలోకి, ఇటువైపు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. గీత పడింది. చుట్టాలు గీతకు అటూ యిటూ వుండిపోయారు. ధర్మాబాద్ మిర్చి బజారులో తెలుగులో బేరమాడవచ్చు. 2018లో ఆ తాలూకాలోని కొన్ని పల్లెలవాళ్లు తమను తెలంగాణలో కలపమని కూడా అడిగారు.

అదే ధర్మాబాద్ తాలూకాలో, సరిహద్దుకు ఏడు కిలోమీటర్ల ఎగువన బాబ్లీ బ్యారేజి. తాత చెప్పిన 'మీద వాళ్ల' గేటు అదే. పధ్నాలుగు గేట్లు, 2.74 టి.ఎం.సి.లు. శ్రీరాంసాగర్ నిండితే నీళ్లు వెనక్కు తన్ని అంతదాకా పోతాయి. అంటే ఒకరి చెరువు తోకమీద ఇంకొకరు తలుపు పెట్టారన్నమాట. 1975 ఒప్పందం ప్రకారం పైఠాన్ దిగువన తమకు 60 టి.ఎం.సి.లు వాడుకునే హక్కుందని వాళ్ల వాదన. మా చెరువులోనే కడితే ఎలా అని మన వాదన. 2006లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2010 జూలైలో చంద్రబాబునాయుడు గారు తన ఎమ్మెల్యేలతో బాబ్లీకి బయల్దేరితే ధర్మాబాద్‌లో అరెస్టు చేశారు. అప్పటి టీవీలు చూసినవాళ్లకు గుర్తుండే వుంటుంది, ఏ యాక్షన్ సినిమాకీ తీసిపోలేదు.

తీర్పు 2013 ఫిబ్రవరి 28న వచ్చింది. ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే వుంచాలి. తర్వాత మూసుకోవచ్చు. మార్చి 1న 0.6 టి.ఎం.సి. కిందికి వదలాలి. అలా జరుగుతోందో లేదో చూడటానికి ముగ్గురు సభ్యుల కమిటీ. జూలై 1న రెండు రాష్ట్రాల అధికారులూ వచ్చి, దగ్గరుండి గేట్లు ఎత్తిస్తారు.

నా అభిప్రాయం అడిగితే, తీర్పు చెడ్డది కాదు. వాన కురిసే నాలుగు నెలలూ నది నడుస్తుంది. నాందేడు రైతుకీ దాహం వుంటుంది కదా, వాడు మన సినిమా విలన్ కాడు. ఒక్కటే చిక్కు. ఆ తేదీలు మనుషులు రాసుకున్నవి. అక్టోబరు ఆఖర్న తుఫాను వస్తే? జూన్‌లోనే వానలు దిగితే? కాలెండరు చూసి కురవడం వానకింకా రాదు. శిఖంలో శనగ వేసేవాడికి, థర్మోకోల్ అట్టమీద వెళ్లేవాడికి, ముక్కు ముంచే కొంగకి కావలసింది తేదీ కాదు, నీళ్లు ఎప్పుడు ఎంత వస్తాయన్న కబురు. గేటు కదిపే ముందు ఆ కబురు ఈ గట్టు పల్లెలన్నిటికీ, రెండు భాషల్లోనూ చేరితే సగం గొడవ తగ్గుతుంది. దానికి కొత్త డ్యాము కట్టనక్కరలేదు; మైకు కట్టిన ఆటో చాలు. కొత్త సినిమా వచ్చిందని వూరూరా చెప్పేది అలాగే కదా!

వెళ్లాలనుకునే కుర్రకారుకి రెండు ముక్కలు. నిజామాబాద్‌లో దిగితే బాసరకి, నందిపేటకి, కందకుర్తికి బస్సులు దొరుకుతాయి. పిట్టల కోసమైతే చలికాలం, గుడి చూడాలంటే ఎండాకాలం, సముద్రం కావాలంటే వరద తగ్గిన సెప్టెంబరు. శిఖంలో పంట తొక్కకండి. లోతు తెలియని నీళ్లలో సెల్ఫీల కోసం దిగకండి; ఒండ్రు మెత్తగా వుంటుంది, కాలు పట్టేస్తుంది.

కందకుర్తి వంతెన మీద నిలబడి ఫొటోలు తీస్తుంటే ఓ జాలరి కుర్రవాడు వచ్చి, "అన్నా, సినిమావోళ్లా?" అన్నాడు. కాదు, పత్రికకు రాస్తానన్నాను. కాస్త నిరాశపడ్డాడు.

"నాలుగు దినాలు ఉండరాదె? ఒకటో తారీఖు నీళ్లిడుస్తరు. ఫొటోలు మంచిగొస్తయి."

"నీళ్లొచ్చినంక నువ్వేం చేస్తవు తమ్మీ?"

"వల ఏస్త" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఇంతలో బోధన్ బస్సు హారన్ కొట్టింది.